చేపల తొట్టి దగ్గర కరెంటు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో మా ఇంటి హాల్లో రెండడుగుల చేపల తొట్టి పెట్టి పద్నాలుగేళ్లు దాటింది. మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల నుంచి బంధువులు, తెలిసినవాళ్లు ఫోను చేసి చేపల జబ్బుల గురించి, నీటి రంగు గురించి అడుగుతుంటారు. కరెంటు గురించి అడిగేవాళ్లు తక్కువ. అడిగినవాళ్లలో చాలామంది అప్పటికే ఒకసారి చేయి జివ్వుమన్నవాళ్లు. అలా జివ్వుమనకముందే ఎవరైనా చదువుతారని ఇది రాస్తున్నాను.

నీళ్లలో కరెంటు ఉంటే చేపలు చచ్చిపోవాలి కదా? మా చేపలు హాయిగా తిరుగుతున్నాయి.

ఈ నమ్మకమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. అందుకే ముందు దీని సంగతి చూద్దాం. కరెంటు పారాలంటే వచ్చే దారి ఒకటే ఉంటే సరిపోదు, పోయే దారి కూడా ఉండాలి. అద్దాల తొట్టి, దాని కింద థర్మోకోల్ షీటు, ఆ కింద చెక్క బల్ల. అంటే తొట్టిలోని నీటికి భూమితో సంబంధమే లేదు. మోటారు వైరు పైపొర చిట్లి ఫేజు (కరెంటు తెచ్చే వైరు) నీటికి తగిలినా, అది బయటికి పోయే దారి లేక నీరంతా ఒకే వోల్టేజీతో నిలబడి ఉంటుంది. కరెంటు తీగ మీద కాకి ఎలా క్షేమంగా కూర్చుంటుందో, ఆ నీళ్లలో చేప అలాగే తిరుగుతుంది. చెప్పులు లేకుండా నేల మీద నిలబడి అందులో చేయి పెట్టిన మనిషే ఆ లేని దారి అవుతాడు. కరెంటు చేతిలోంచి ఎక్కి, ఛాతీ మీదుగా దిగి, పాదాల గుండా నేలలోకి పోతుంది.

హీటరు గాజు పగిలి ఫేజు, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) రెండూ నీటికి తగిలినప్పుడు మాత్రం వాటి మధ్య కరెంటు పారి, దగ్గరలో ఉన్న చేపలకు దెబ్బ తగలవచ్చు. అయినా చేపలు బతికి ఉన్నాయన్నది మీ క్షేమానికి ఏ విధంగానూ రుజువు కాదు.

ఇది నాకు అనుభవంలో తెలిసింది. తొట్టి పెట్టిన రెండో ఏడు, వానకాలం సాయంత్రం. తుడిచిన నేల ఇంకా ఆరలేదు. మధ్యాహ్నం ఉల్లిపాయలు తరుగుతుంటే చూపుడు వేలు కొద్దిగా తెగింది. ఆ చేయి నీళ్లలో పెట్టగానే, తెగిన చోట మాత్రం సన్నని సూదితో గుచ్చినట్లనిపించింది. గాయం మంట అనుకుని తీసి, మళ్లీ పెట్టాను. ఈసారి మోచేతి దాకా లాగింది. తొమ్మిది గోల్డ్ ఫిష్‌లు మేత వేస్తాననుకుని నా వేళ్ల చుట్టూ మూగి ఉన్నాయి, ఒక్కటీ బెదరలేదు. తర్వాత విప్పి చూస్తే, తొట్టి అంచుకూ పైన మూసే అద్దానికీ మధ్య నలిగి ఫిల్టరు మోటారు వైరు మీద వెంట్రుకంత పగులు కనబడింది. చర్మం తెగిన చోట నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, తగ్గిపోతుంది కాబట్టి ఆ చిన్న గాయం నాకు ముందే చెప్పింది. గాయం లేని చేయి ఏమీ చెప్పకపోయేది.

మా ఇంట్లో ఎంసీబీ ఉంది. అది కాపాడదా?

కాపాడదు. ఎంసీబీ అంటే బోర్డులో దానంతటదే పడిపోయే స్విచ్, దాని పని వైర్లను కాపాడటం. లోడు ఎక్కువైతేనో, షార్ట్ సర్క్యూట్ అయితేనో అది పడిపోతుంది. లైట్ల లైనుకు మామూలుగా వేసేది 6 ఆంపియర్లది. మనిషి శరీరంలో 10 మిల్లీ ఆంపియర్లు పారితే కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదలలేని స్థితి మొదలవుతుంది. 30 దాటితే ఊపిరి ఆడటం కష్టం. 50, ఆపైన కొన్ని క్షణాలు పారితే గుండె లయ తప్పవచ్చు. 50 మిల్లీ ఆంపియర్లు అంటే ఆంపియర్‌లో ఇరవయ్యో వంతు. ఎంసీబీ లెక్కలో అది ఒక చిన్న బల్బు వెలగడం లాంటిదే.

మనుషులను కాపాడేది బోర్డులో బిగించే ఆర్‌సీసీబీ అనే ఇంకో స్విచ్. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది అనుక్షణం పోల్చి చూస్తుంది. తేడా వచ్చిందంటే కొంత కరెంటు వేరే దారిన, బహుశా ఎవరో ఒకరి ఒంట్లోంచి, పోతోందని అర్థం. వెంటనే లైను తెంపేస్తుంది. కొనేటప్పుడు దాని మీద 30 ఎం.ఎ. (మిల్లీ ఆంపియర్లు) అని ఉందో లేదో చూడండి. 100, 300 అని ఉన్నవి మంటల నుంచి ఇంటిని కాపాడటానికి పనికివస్తాయి కానీ మనిషిని కాపాడటానికి చాలవు. కొత్త ఫిల్టరుకో, అరోవానా చేపకో డబ్బు పక్కన పెట్టినవాళ్లు ఆ డబ్బుతో ముందు ఇది వేయించుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

దాని మీద 'టి' అని ఒక బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. నొక్కగానే పడిపోవాలి. పడలేదంటే అది గోడకు అలంకారంగా ఉన్నట్లే, మార్పించండి. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆ బటన్ పరికరం పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది, ఇంటి ఎర్త్ (కారిన కరెంటును భూమిలోకి పంపే వైరు) బాగుందో లేదో చెప్పదు.

ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోంది. తీసేస్తే పీడ పోతుందని ఎలక్ట్రీషియన్ అంటున్నారు.

దయచేసి తీయించకండి. మన వైపు ఎన్నో ఇళ్లలో ఆర్‌సీసీబీ పెట్టెలోనే ఉంటుంది కానీ వైర్లు దాన్ని తప్పించి వెళ్తుంటాయి. అది పడుతోందంటే ఇంట్లో ఎక్కడో కరెంటు కారుతోందని అర్థం. అన్ని ప్లగ్గులూ పీకేసి, ఒక్కొక్కటే పెడుతూ రండి. తొట్టి సామాన్లతో పాటు గీజరు, వాషింగ్ మెషీను, సంపులోని మోటారు కూడా ఇలాగే చూడాలి. ఏది పెట్టినప్పుడు పడిందో దోషం అందులోనే ఉంది. ఏదీ దొరక్కపోతే అనుమానం గోడలోని వైరింగు మీదికి, రెండు లైన్ల న్యూట్రళ్లు ఎక్కడో కలిసిపోవడం మీదికి వెళ్లాలి. అది చూడటం చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్ పని.

ఎర్త్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఎండాకాలంలో దానికి నీళ్లు పోయాలా?

మా ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి చూసి అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "తొట్టి సంగతి తర్వాత అన్నా, ముందు మీ ఇంటికి ఎర్తే లేదు." ప్లగ్ బోర్డులో పైన పెద్ద రంధ్రం ఉంది, దాని వెనక వైరు లేదు. అంతకన్నా దారుణమైన పని, ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపి వదిలేయడం. బయట ఎక్కడైనా న్యూట్రల్ తెగితే ఆ ఇంట్లో ప్రతి ఇనుప సామానూ షాక్ కొడుతుంది. కుళాయి పైపుకు ఎర్త్ కట్టే పాత అలవాటు కూడా ఇప్పుడు పనికిరాదు, పైపులన్నీ ప్లాస్టిక్‌వే.

మన దగ్గర నేల స్వభావం ఇంకో ఇబ్బంది. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు చాలాచోట్ల ఎర్రమట్టి, దాని కింద రాయి. తేమ ఉన్నప్పుడే మట్టి కరెంటును తనలోకి తీసుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎర్త్ గుంత ఎండిపోతే నిరోధం బాగా పెరుగుతుంది. లెక్క వేసి చూడండి. ఎర్త్ నిరోధం 100 ఓములు అయిందనుకుంటే, 230 వోల్టుల దగ్గర పారేది 2.3 ఆంపియర్లు. 6 ఆంపియర్ల ఎంసీబీ కదలదు. 30 మిల్లీ ఆంపియర్లకే స్పందించే ఆర్‌సీసీబీ మాత్రం ఆ ఎండిన ఎర్త్‌తో కూడా పడిపోతుంది. రాతి నేల మీద ఇల్లు కట్టుకున్న మనకు అది తప్పనిసరి అనడానికి ఇదే కారణం.

ఎండాకాలంలో వారానికి ఒకటి రెండుసార్లు ఎర్త్ గుంతలో బకెట్టు నీళ్లు పోయండి. రెండు మూడేళ్లకోసారి ఎర్త్ టెస్టరుతో కొలిపించండి.

ఎర్త్ లేని అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఆర్‌సీసీబీ ఒక్కటి ఉంటే లాభమా?

లాభమే. ఎర్త్ ఉన్న ఇంట్లో ఇనుప తొడుగున్న సామాను పాడైన క్షణంలోనే లైను తెగుతుంది. ఎర్త్ లేకపోతే ఎవరైనా ముట్టుకుని వాళ్ల ఒంట్లోంచి కరెంటు పారిన తర్వాత తెగుతుంది. షాక్ తగులుతుంది కానీ సాధారణంగా ప్రాణం మీదికి రాకముందే ఆగుతుంది.

నీళ్లు మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదా? ప్లగ్ ఎందుకు పీకాలి?

గోడ స్విచ్ తెంపేది ఒక్క వైరునే. అది ఫేజు అయి ఉండాలి. వైరింగ్ తారుమారైన ఇళ్లలో అది న్యూట్రల్‌ను తెంపుతుంది. అప్పుడు మోటారు ఆగుతుంది కానీ ఫేజు తొట్టి దాకా వచ్చి నిలబడే ఉంటుంది. తొట్టి సామాన్లలో చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గులే ఉంటాయి, వాటిని ఎటు తిప్పి పెట్టినా పడతాయి. స్విచ్ ఆగింది కదా అని నమ్మడానికి లేదు. ప్లగ్ మీ కళ్ల ముందు బోర్డు బయట ఉంటే ఇక ఏ అనుమానమూ లేదు. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టి ఉంటే, ఆ బాక్సు ప్లగ్గునే గోడ నుంచి పీకండి.

కరెంటు పోయినప్పుడు తొట్టి శుభ్రం చేసుకుంటే మేలు కదా?

మేలు అనిపిస్తుంది, అదే ఉచ్చు. ఫ్యాన్లు ఆగాయి, చేతిలో పని లేదు, తొట్టి కడుగుదామనిపిస్తుంది. ఎలాగూ కరెంటు లేదని ప్లగ్గులు పీకం. సగం నీళ్లు తోడేసరికి హీటరు గాజు గాలికి తేలుతుంది, చేయి గులకరాళ్లలో ఉంటుంది. కరెంటు వచ్చేముందు ఎవరికీ చెప్పి రాదు. వచ్చిన నిమిషంలోనే నీళ్లలో లేని హీటరు వేడెక్కుతుంది, దాని మీద చల్లని నీళ్లు పడితే గాజు చిట్లుతుంది. పొలంలో మోటారు దగ్గర, కరెంటు లేదనుకుని స్టార్టరు విప్పిన రైతులు ప్రాణాలు పోగొట్టుకున్న సంగతి మన జిల్లాల్లో తెలియని ఊరు లేదు. ఇంట్లో తొట్టి దగ్గర జరిగేదీ అదే.

ఇన్వర్టరు మీద తొట్టి నడుపుతున్నాం. అప్పుడు ఆర్‌సీసీబీ పనిచేస్తుందా?

చాలా ఇళ్లలో పనిచేయదు. ఈ విషయం ఎలక్ట్రీషియన్లు కూడా అడిగితే తప్ప చెప్పరు. ఆర్‌సీసీబీ మెయిన్ బోర్డు దగ్గర ఉంటుంది. బ్యాటరీ మీద నడిచేటప్పుడు కరెంటు పుట్టేది ఇన్వర్టరులో, అంటే ఆర్‌సీసీబీ దాటిన తర్వాత. ఆ కరెంటు ఎటు కారినా మెయిన్ దగ్గరి ఆర్‌సీసీబీకి తెలియదు. ఇన్వర్టరు నుంచి బయలుదేరే లైనుకు విడిగా ఇంకో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయించాలి, ఆ లైను న్యూట్రల్ మిగతావాటితో కలవకుండా చూసుకోవాలి. బిగించిన రోజే ఎలక్ట్రీషియన్ ముందు మెయిన్ ఆపి, బ్యాటరీ మీద నడుస్తుండగా 'టి' బటన్ నొక్కి చూడండి. ఆ లైను ఆరిపోవాలి.

కరెంటు లేనప్పుడు చేపలకు గాలి ఆడించడం ఒక్కటే మీ అవసరమైతే, బ్యాటరీతోనో పవర్ బ్యాంకుతోనో నడిచే చిన్న ఎయిర్ పంపు కొనుక్కోండి. 5 వోల్టులతో పోయేదానికి ఇన్వర్టరు దాకా వెళ్లడం ఎందుకు?

తొట్టి ఎక్కడ పెట్టాలి?

స్విచ్ బోర్డు కింద మాత్రం పెట్టవద్దు. వైరు అందుతుందని చాలామంది అక్కడే పెడతారు. బుడగల తుంపర్లు, నీళ్లు పోసేటప్పుడు పడే చుక్కలు, అద్దం మూత నుంచి లేచే ఆవిరి బోర్డుకు తగులుతూనే ఉంటాయి. బోర్డు నుంచి కనీసం మూడు నాలుగడుగులు పక్కకు జరపండి.

తర్వాత వైరు వంపు చూడండి. తొట్టి నుంచి బయటికి వచ్చిన వైరు నేరుగా ప్లగ్గులోకి వెళ్లకూడదు. మా ఇంట్లో వైరు తొట్టి వెనక జానెడు కిందికి వేలాడి, అక్కడ వంపు తిరిగి, మళ్లీ పైకి వెళ్లి ప్లగ్గులో చేరుతుంది. ఆ వంపు అట్టడుగున ఒక్కోసారి నీటిబొట్టు నిలిచి, కాసేపు వణికి, కింద పరిచిన పాత తువ్వాలు మీద పడుతుంది. వంపు లేకపోతే ఆ బొట్టు వైరు వెంట పాకి ప్లగ్గులోకే పోయేది. ఖర్చు లేని జాగ్రత్త ఇది. ఎక్స్‌టెన్షన్ బాక్సును నేల మీద కాకుండా గోడకు బిగించండి. తొట్టి కారినా బాక్సు తడవదు.

బల్ల వెనక చీకట్లో ఎలుకలు వైరు కొరుకుతాయి, చీమలు ప్లగ్ బోర్డులో మట్టి పెడతాయి. నెలకోసారి టార్చి వేసి చూడండి.

మన ఎండలకు హీటరు అవసరమా?

గప్పీ, మోలీ, ఏంజెల్ లాంటి వేడి నీటి చేపలకు 24 నుంచి 28 డిగ్రీలు కావాలి. మన దగ్గర ఫిబ్రవరి చివరి నుంచి నవంబరు దాకా హీటరు అక్కరలేదు. చలికాలం రాత్రుళ్లు మాత్రం వాడుకోవచ్చు. గోల్డ్ ఫిష్‌కు అసలు వద్దు. వాడని నెలల్లో హీటరును తొట్టిలోంచి తీసి దాచండి. నీటిలో ఉండే ప్రతి సామానూ ఒక ప్రమాదమే, అక్కరలేనిదాన్ని ఉంచుకోవడంలో అర్థం లేదు.

తీసే ముందు ప్లగ్ పీకి ఇరవై నిమిషాలు ఆగండి, లోపలి వేడి నీళ్లలోనే చల్లారాలి. బోరు నీళ్లు వాడేవాళ్లకు హీటరు మీద తెల్లని పొర కడుతుంది. నల్లగొండ అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, కానీ ఈ పొరకు కారణం అది కాదు, నీటి కాఠిన్యానికి కారణమైన కాల్షియం, మెగ్నీషియం లవణాలు. పొర మందమైన చోట వేడి సమంగా పోక గాజు మీద ఒత్తిడి పడుతుంది. చల్లారిన హీటరు గాజు భాగాన్ని నిమ్మరసంలో కాసేపు నానబెట్టి మెత్తని గుడ్డతో తుడవండి. లోపల తేమ చేరినట్లు మసకగా కనబడితే దాన్ని ఇక వాడవద్దు, ఇంకొకరికి ఇవ్వవద్దు.

మేం ఆర్‌ఓ నీళ్లే పోస్తాం. అందులో కరెంటు పారదంటారు, నిజమేనా?

లవణాలు లేని శుద్ధమైన నీటిలో కరెంటు బాగా తక్కువగా పారుతుంది, అంతవరకు నిజం. నీటిలో కరిగిన లవణాలను చూపించే టీడీఎస్ మీటరు కొలిచేది కూడా నిజానికి నీటిలో కరెంటు ఎంత పారుతోందన్నదే. అయితే తొట్టిలో పోసిన నీరు అలాగే ఉండదు. మేత, చేపల వ్యర్థాలు, గులకరాళ్లు, జబ్బుకు వేసే ఉప్పు అన్నీ కలుస్తాయి. తొట్టి నీరు ఏదైనా కరెంటు పారే నీరే.

ఎండాకాలంలో నీళ్లు చల్లబడటానికి తొట్టి మీదికి ఫ్యాను పెట్టవచ్చా?

తొట్టి అంచు మీద నిలబెట్టే 230 వోల్టుల టేబుల్ ఫ్యాను వద్దే వద్దు. పిల్లి దూకినా, పిల్లవాడు వైరు లాగినా అది నీళ్లలోకి పడుతుంది. 12 వోల్టుల చిన్న ఫ్యాను దొరుకుతుంది, దాని అడాప్టరును తొట్టికి దూరంగా, పొడిగా ఉంచండి. కూలరులో నీళ్లు పోసేటప్పుడు ప్లగ్ పీకమని ఇంట్లో పిల్లలకు చెబుతాం కదా, అదే మాట తొట్టికీ చెప్పండి. తొట్టి మీద లైటు కూడా 12 వోల్టుల ఎల్ఈడీ అయితే మంచిది. ఇనుప పట్టీతో వచ్చే పాత ట్యూబు లైటు ఆవిరికి తుప్పు పట్టి ఎప్పుడు మోసం చేస్తుందో తెలియదు.

ఎయిర్ పంపులోకి నీళ్లు వచ్చాయి. ఎందుకు?

పంపు తొట్టి నీటి మట్టం కన్నా కింద ఉంది. కరెంటు పోగానే గాలి ఒత్తిడి ఆగి, గొట్టంలోంచి నీరు వెనక్కి పంపులోకి, అక్కడి నుంచి బోర్డులోకి దిగుతుంది. పంపును నీటి మట్టం కన్నా పైన పెట్టండి, లేదా గొట్టం మధ్యలో నీటిని వెనక్కి రానివ్వని చిన్న వాల్వ్ బిగించండి. చేపల దుకాణంలో కొన్ని రూపాయలకే దొరుకుతుంది. తడిసిన పంపును ఆరబెట్టి మళ్లీ వాడవద్దు.

నీళ్లలో టెస్టర్ పెట్టి చూస్తే సరిపోతుందా?

సరిపోదు. టెస్టర్ వెలగకపోవడానికి బల్బు పాడవడం, మీరు రబ్బరు చెప్పులతో నిలబడటం లాంటి కారణాలు చాలా ఉంటాయి. వెలిగినా అది ఎంత కరెంటో చెప్పదు. మోటారు తీగచుట్ట ప్రభావంతో నీటిలో నామమాత్రపు వోల్టేజీ పుట్టి మల్టీమీటరులో 30, 40 వోల్టులు చూపించడం కూడా మామూలే. కానీ అది నిజమైన లీకేజీనా కాదా అని చేయి పెట్టి తేల్చుకోకండి. జివ్వుమన్నా, టెస్టర్ వెలిగినా ప్లగ్గులన్నీ పీకేయండి. ఎలక్ట్రీషియన్‌తో ఒక్కొక్క సామాను ఇన్సులేషన్ కొలిపించి అప్పుడే మళ్లీ వాడండి.

తొట్టి నీటికి ఎర్త్ కడ్డీ వేస్తే మంచిదంటున్నారు.

ఆర్‌సీసీబీ ఉంటే మంచిదే. నీటిలో లీకేజీ మొదలవగానే కడ్డీ ద్వారా భూమికి పోయి లైను తెగుతుంది, మీ చేయి దాకా రాదు. ఆర్‌సీసీబీ లేకుండా కడ్డీ ఒక్కటే వేయడం తప్పు. లైను తెగదు, కరెంటు నీటిలో అదే పనిగా పారుతూ ఉంటుంది.

తొట్టి దగ్గర ఎవరికైనా షాక్ తగిలితే ఏం చేయాలి?

మనిషిని పట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి. మెయిన్ అందకపోతే పొడి చెక్క కుర్చీతోనో, ప్లాస్టిక్ చీపురు కర్రతోనో చేయిని నీటి నుంచి తప్పించండి. మీ కాళ్ల కింద నేల తడిగా ఉండకూడదు. వెంటనే 108కి ఫోను చేయండి. మనిషిలో చలనం లేక, ఊపిరి కూడా ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాల లోతు దిగేలా గట్టిగా నొక్కుతూ ఉండండి, అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. లేచి కూర్చుని మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాలి, గుండె లయ తర్వాత కూడా తప్పవచ్చు.

తొట్టి పగిలి హాలంతా నీళ్లయినా ఇదే వరస. ఆ నీళ్లలో అడుగు పెట్టకుండా మెయిన్ ఆపాలి. లోపం ఇంట్లో కాకుండా బయటి లైనులో, స్తంభం దగ్గర ఉందనిపిస్తే 1912కు ఫోను చేయండి.

పండక్కి నాలుగు రోజులు ఊరికి వెళ్తున్నాం. ఏవి ఆపి వెళ్లాలి?

హీటరు, లైటు ప్లగ్గులు పీకేయండి. ఫిల్టరు, ఎయిర్ పంపు నడవనివ్వండి, చిన్న తొట్టిలో ఆ రెండిటికీ కలిపి సాధారణంగా 20 వాట్లు మించవు. వెళ్లే ముందు రోజు 'టి' బటన్ నొక్కి చూసుకుని మళ్లీ ఎత్తండి. ఎదిగిన ఆరోగ్యమైన చేపలు నాలుగు రోజులు మేత లేకున్నా ఉంటాయి. అయినా పక్కింటి వాళ్లకు అప్పజెబుతుంటే, చిటికెడు మేత పైనుంచి చల్లడం తప్ప నీళ్లు ముట్టవద్దని చెప్పండి. చేప చచ్చి తేలినా వాళ్లు తీయనక్కరలేదు. తాళంచెవి చేతిలో పెట్టేటప్పుడే మెయిన్ స్విచ్ ఎక్కడుందో తీసుకెళ్లి చూపించండి.